చెట్టుకు వేలాడిన ఎర్ర చొక్కాలు

ఆ శనివారం పొద్దున నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెబితే, అంతవరకూ మీరు నన్ను తెలివైనవాడనుకుంటూ చదివేస్తారు. కణుజుల వెంట నడవడానికి అడవిలోకి వెళ్ళి, మాకు తొడిగిన ఎర్ర చొక్కాలు, మెడలో వేసిన ఈలలు, నీళ్ళ సీసాలున్న సంచులు అన్నీ విప్పి ఒక చెట్టుకొమ్మకు తగిలించాను. నావి విప్పుకుంటే నా ఖర్మ అనుకోవచ్చు. నన్ను నమ్మి వెంట వచ్చినవాడివి కూడా విప్పించాను.

కణుజు అంటే పెద్ద జింక. చుక్కలుండవు, బూడిద కలిసిన గోధుమ రంగు. మగది కొమ్ములతో నిలబడితే మన భుజం ఎత్తున దాని వీపు ఉంటుంది. సింగపూర్‌లో జింకలేమిటని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఆ అడగడంలోనే సగం తప్పు ఉంది.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఉప్పెనలా వచ్చిన రోజులు. విమానం దిగిన ప్రతి తెలుగువాడి చేతిలో ఒక బయోడేటా, సంచిలో ఒక ఆవకాయ సీసా ఉండేవి. మా కంపెనీ జురాంగ్ ఈస్ట్‌లో, మా ఫ్లాట్ పాసిర్ రిస్‌లో. ఊరి ఈ చివర ఎక్కి ఆ చివర దిగేవాణ్ణి. రైల్లో ఒక కునుకు, ఆఫీసులో ఏసీ, ఆదివారం సెరంగూన్‌లో మనవాళ్ళ కొట్లలో కరివేపాకు. నాకు తెలిసిన సింగపూర్ అంతే. ఆ సింగపూర్‌లో చెట్లు కూడా వరుసలో క్రమశిక్షణగా నిలబడి ఉండేవి. వాటి వెనక అడవి ఉంటుందని నాకు తట్టలేదు.

అలాంటి నాకు ఒక పని తగిలింది. మండాయ్ వైపు అడవిలో కణుజులు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో నమోదు చేయడానికి ఒక చిన్న చేతి కంప్యూటర్ మీద ప్రోగ్రాం రాసివ్వాలి. కావలసింది ఒక పరిశోధకురాలికి. కర్నూలు వైపు అమ్మాయి, ఇక్కడి విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. మనిషి సన్నగా ఉంటుంది, మాట మాత్రం మేకు కొట్టినట్టు ఉంటుంది. మొదటి సమావేశంలోనే చెప్పింది.

"సార్, ఈ అడవిలో తిరిగేకి పర్మిషన్ తెచ్చుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. లోపల ఒక్క మనిషికి దెబ్బ తగిలినా ఆపేస్తామన్నారు. ఆపితే నా చదువు ఆడికే ఆగిపోతాది. కాబట్టి మీరు ఎంత కోడైనా రాసుకోండి గానీ, అడవిలో మాత్రం నేను చెప్పినట్లు ఇనాల."

"తప్పకుండా అమ్మా," అన్నాను. ఆ మాట ఎంత సులువుగా నోటినుంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్రోగ్రాం తయారైంది. దాన్ని అడవిలో పరీక్షించే రోజు దగ్గరపడింది. ఆమె ఫోన్ చేసింది.

"సార్, మీ ఇద్దరి కాళ్ళ సైజులు చెప్పండి. బూట్లు తెప్పిస్తా."

"అక్కర్లేదమ్మా, మాకున్నాయి."

"ఎట్లాంటివి?"

"మంచివే."

"మంచివంటే ఆఫీసువా సార్, అడవివా?"

నేను నవ్వేసి ఫోన్ పెట్టేశాను. 'ఇద్దరి'లో రెండోవాడు మా టెస్టర్. మేము రాసిన ప్రోగ్రాంలలో తప్పులు పట్టడం అతని ఉద్యోగం, ఆ ఉద్యోగంలో అతనికి సాటి లేడు. కరీంనగర్ వైపు మనిషి, నెమ్మదస్తుడు. అతనికి నేను చెప్పింది ఒక్కటే మాట: "శనివారం పొద్దున్నే క్లయింట్ దగ్గరికి వెళ్ళాలి. ఎర్లీగా రా."

వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, టై, మెరుస్తున్న నల్లటి తోలు బూట్లతో వచ్చాడు.

అడవి మొదట్లో చిన్న ఇనుప గేటు దగ్గర పరిశోధకురాలు, ఆమెతో పనిచేసే వాలంటీర్ చైనీస్ అంకుల్ మాకోసం ఎదురుచూస్తున్నారు. అంకుల్ మా టెస్టర్‌ను కిందినుంచి పైదాకా చూశాడు.

"వా, గోయింగ్ ఫర్ ఇంటర్వ్యూ ఆ? దిస్ కైండ్ షూస్ కెనాట్ లా!"

టెస్టర్ నావైపు తిరిగాడు. "క్లయింట్ దగ్గరికి అన్నరు కద సార్. క్లయింట్ అంటే జింకలని నాకెట్ల తెలుస్తది?"

ఆమెకు నవ్వు రాలేదు. "ఈయన గేటు కాడనే ఉండనీ సార్. రాత్రి వాన పడింది, లోపల జారుతాది."

"టెస్టర్ లేకుండా టెస్టింగ్ ఏమిటమ్మా? కాలిబాటే కదా, నేను చూసుకుంటాను," అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. బాట మీదే చదునుగా ఉన్న ఒక చోట మేమిద్దరం నిలబడాలి, అడుగు కూడా బాట దిగకూడదు. ఆ షరతు మీద మా బట్టల పైన ఎర్ర చొక్కాలు, అదే వెస్టులు, తొడిగింది. మెడలో ఈలలు వేసింది. సంచులు తగిలించింది. నడుస్తూ దారంతా చెబుతూనే ఉంది. చేతిలోని చిన్న డబ్బా నొక్కి గాలిలోకి పౌడరు వదిలి, అది ఎటు ఎగిరితే గాలి అటు వీస్తోందని చూపించింది. మన వాసన జింకకు తగలకూడదట.

"మీరు సెంటు కొట్టుకున్నారా సార్?"

"కొంచెం."

"కొంచెమా? గేటు కాన్నుంచి తెలుస్తుండాది." ఆగి మళ్ళీ అందుకుంది. "మగది కనబడితే దగ్గరికి పోవద్దు. మీ దిక్కే చూస్తూ కాలు నేలకేసి కొట్టిందంటే, మెల్లగా ఎనక్కి రావల్ల. పరిగెత్తద్దు. మధ్యలో లావు చెట్టు ఒకటి ఉండేటట్లు చూసుకోండి. ఏదన్నా అయితే మూడుసార్లు ఈల ఊదండి, నేనొస్తా."

మమ్మల్ని అనుకున్న చోట నిలబెట్టి ఆమె, అంకుల్ కణుజుల జాడ చూడడానికి గట్టు మీదికి వెళ్ళిపోయారు.

మేము చేతి కంప్యూటర్ తెరిచాం. అది ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మేమెక్కడున్నామో పటం మీద చుక్క పెట్టాలి. జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు కిటికీ దగ్గర పెట్టి పరీక్షించినప్పుడు చుక్క చక్కగా పడింది. ఇక్కడ నెత్తి మీద ఆకుల పందిరి. సంకేతం అందక చుక్క ఊగి ఊగి చివరికి ఒకచోట ఆగింది.

టెస్టర్ తెర చూసి అన్నాడు: "సార్, మనం సముద్రంల ఉన్నం."

"రీస్టార్ట్ చెయ్యి."

చేశాడు. "ఇప్పుడు మలేషియాల ఉన్నం సార్."

నాకు సోమవారం గుర్తొచ్చింది. ఆరోజు మా బాసు ముందు డెమో. పటం మీద చుక్క లేకపోతే చూపించడానికి ఏముంటుంది? ఒక్క జింక ఫోటో అయినా ఉంటే పరువు దక్కుతుంది. సరిగ్గా అప్పుడే పల్లం వైపు కొమ్మల మధ్య ఏదో కదిలింది. ఆడ కణుజు. చెవులు ఇటూ అటూ తిప్పుతూ చిగుళ్ళు కొరుకుతోంది. ఆఫీసులో ఉన్నప్పుడు గోడ మీది క్యాలెండరులో తప్ప చూడని జంతువు, పిలిస్తే పలికేంత దూరంలో.

"దిగుదాం పద," అన్నాను.

"మేడమ్ వద్దన్నది కద సార్."

"పది అడుగులేనయ్యా. ఈ ఎర్ర చొక్కాలు చూస్తే అది పారిపోతుంది. విప్పెయ్యి. సంచి కూడా, చప్పుడు చేస్తుంది. ఈల గొలుసు గలగలమంటోంది, అదీ తీసెయ్యి."

"సార్..."

"నేను చెప్తున్నా కదా."

మా ఉద్యోగాల్లో ఒక అలవాటుంది. పైవాడు చెప్పాక అది తప్పని తెలిసినా "సరే సార్" అని రాసుకుని పని మొదలుపెడతాం. తప్పు తరువాత దిద్దుకోవచ్చు, ప్రోగ్రామే కదా. టెస్టర్ ఆ అలవాటుతోనే చొక్కా విప్పాడు. జింకలకు ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదని, దానికి ఎర్ర చొక్కా కూడా ఎండుటాకు రంగే అని నాకు తరువాత తెలిసింది. మనిషిని వెతికే మనిషికి మాత్రం అది కనబడుతుంది. చొక్కా ఉన్నదే అందుకు.

ఫోన్లు కూడా సంచుల్లోనే ఉండిపోయాయి. కెమెరా, చేతి కంప్యూటర్ పట్టుకుని దిగాం.

పది అడుగులు ఎప్పుడో అయిపోయాయి. ఆడ కణుజు మేం కదిలినప్పుడల్లా తీరిగ్గా ఇంకొంచెం ముందుకు జరిగేది. మేమూ జరిగేవాళ్ళం. నేను కెమెరా ఎత్తాను. అప్పుడు మా పక్కనున్న పొద లేచి నిలబడింది.

పొద కాదు, మగ కణుజు. కొమ్ములు ఉన్నాయి. నావైపు చూస్తూ ముందుకాలు నేలకేసి ఠప్పున కొట్టింది. లావు చెట్టు మధ్యలో పెట్టుకోవాలన్న సంగతి గుర్తొచ్చింది. గబుక్కున ఒక చెట్టు వెనక్కి చేరాను. చేరాక చూసుకుంటే అది నా మణికట్టంత లావుంది. నా పొట్ట రెండు వైపులా బయటే ఉంది. కణుజు ఒక్క అరుపు అరిచింది. లారీ హారన్ చెవి పక్కన మోగినట్టు ఉంది. అరిచి, తల పక్కకు తిప్పుకుని, ఆడదాన్ని వెంటేసుకుని పొదల్లోకి దూకి మాయమైంది. అది మమ్మల్ని ఏమీ చేయలేదు. చేసినవాణ్ణి నేనే.

వెనక "అమ్మో" అని వినిపించింది. తిరిగి చూస్తే టెస్టర్ లేడు. ఆ అరుపుకు అతను వెనకడుగు వేశాడు, తడిసిన ఆకుల మీద నున్నటి తోలు బూటు నిలుస్తుందా? వాననీరు కోసిన పాత గండి ఒకటి ఉంటే అందులోకి జారిపోయాడు. దిగి చూశాను. కుడి చీలమండ అప్పటికే ఉబ్బుతోంది. మొహం పాలిపోయింది. టై మాత్రం చెక్కుచెదరలేదు.

"విరిగిందా?"

"నాకేం ఎరుక సార్. లేవొస్తలేదు."

ఈల లేదు. నీళ్ళు లేవు. ఫోన్ లేదు. అన్నీ తెచ్చుకుని పరుగున వద్దామని గట్టెక్కాను. ఎక్కాక అన్ని చెట్లూ ఒకేలా కనిపించాయి. మేం దిగిన దారి ఏదో తెలియలేదు. చేతి కంప్యూటర్ను అడిగితే ఇంకా సముద్రంలోనే ఉన్నామంది. ఒక దిక్కు పట్టుకుని నడిచాను, ముళ్ళతీగలు నా సొంత చొక్కా చించాయి. చాలాసేపు నడిచి, హమ్మయ్య బాట వచ్చిందనుకుని తల ఎత్తితే, ఎదురుగా అదే గండి, అందులో అదే టెస్టర్.

"అచ్చిండ్రా సార్? నీళ్ళేవి?"

అతను అంత మామూలుగా అడగడంతో నాకు ఏడుపొచ్చింది. అతని పక్కన కూలబడ్డాను. ఎండ ఎక్కుతోంది, ఆకుల కింద ఆవిరి పట్టినట్టుంది. అతని పెదవులు ఎండిపోయాయి. నా మనసులో మెదిలింది మాత్రం ఇంకో సంగతి. ఒక్క మనిషికి దెబ్బ తగిలినా ఆపేస్తారని ఆ అమ్మాయి చెప్పింది. ఇప్పుడు తగిలింది.

అప్పుడు దూరంగా ఈల వినిపించింది. ఆమె మా చోటుకి తిరిగి వచ్చిందన్నమాట. అక్కడ మనుషులు లేరు, కొమ్మకు రెండు ఎర్ర చొక్కాలు మాత్రం వేలాడుతున్నాయి. నేను అరిచాను. కీచురాళ్ళ రొదలో నా అరుపు నాకే వినిపించలేదు. టెస్టర్ మోచేతుల మీద లేచి కూర్చుని, రెండు అరచేతులు నోటికి ఇరువైపులా పెట్టి, పొలంలో అవతలి గట్టు మనిషిని పిలిచినట్టు సాగదీసి పిలిచాడు.

"ఓ... మేడమ్మో...!"

కీచురాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగాయి. మనిషి నెమ్మదస్తుడే, గొంతు కాదు. నాలుగైదుసార్లు అలా పిలిచేసరికి పొదలు చీల్చుకుంటూ ముందు అంకుల్, వెనకే ఆమె వచ్చారు.

"యువర్ వెస్ట్ హ్యాంగింగ్ దేర్ లైక్ లాండ్రీ, యు నో!" అన్నాడు అంకుల్ ఆయాసపడుతూ.

ఆమె నేరుగా గండిలోకి దిగింది. టెస్టర్‌కు కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించింది. బూటు లేసు కోసి తీసి, చీలమండకు అటూ ఇటూ పుల్లలు పెట్టి పట్టీ కట్టింది. అంతా అయ్యాక నా వైపు చూసింది.

"ఆ చొక్కాలు చూసి మిమ్మల్ని కణుజులేమన్నా చేసినాయేమో అనుకున్నా సార్." చంకలోని మా చొక్కాలు తీసి నా ముందు పెట్టింది. "తొడుక్కోండి. ఈసారన్నా ఇప్పద్దు."

ఆమె మొహం చూడకుండా తొడుక్కున్నాను.

ఆస్పత్రిలో చీలమండ ఎముక చిట్లిందన్నారు. సిమెంటు పట్టీ వేశారు. అదే సాయంత్రం, అడవికి అనుమతి ఇచ్చిన ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది, ఏం జరిగిందని. నేను చేసిన రెండో తప్పు ఆ ఫోన్లో ఉంది. "సూచనల విషయంలో కొంత కన్ఫ్యూజన్ జరిగింది," అన్నాను. అబద్ధం కాదు, నిజం అంతకంటే కాదు. బాసుకు చెబితే భుజం తట్టాడు. "మంచిగా చెప్పావు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకు. దెబ్బ తగిలింది మనవాడికి, జాగ్రత్త చూడాల్సింది వాళ్ళు," అన్నాడు. విని నాకు కొంచెం హాయిగా అనిపించిందని ఒప్పుకుంటున్నాను.

మర్నాడు పళ్ళు పట్టుకుని టెస్టర్ ఫ్లాటుకు వెళ్ళాను. కాలు దిండు మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. ఫోన్లో నేను అన్న మాట చెప్పాను. విని టీవీ కట్టేశాడు.

"కన్ఫ్యూజన్ ఎవరికి సార్? నాకైతే లేకుండె. మేడమ్ బాట దిగొద్దన్నది. మీరు దిగుమన్నరు. ఇందుల కన్ఫ్యూజన్ ఏమున్నది?"

తెచ్చిన పళ్ళు బల్ల మీద సర్దడం మొదలుపెట్టాను.

"బగ్ ఎక్కడున్నదో మీకు ఎరుకే సార్," అన్నాడు, ఆఫీసులో చెప్పినంత నెమ్మదిగా. "ఎరుకుండి గూడ రాయకపోతే, గా పిల్ల మీద పడుతది."

ఆ వారమే అనుమతి ఇచ్చిన ఆఫీసులో విచారణ లాంటి సమావేశం పెట్టారు. బల్లకు అవతల ముగ్గురు అధికారులు, ఇవతల ఆమె, అంకుల్, నేను, మా బాసు. ఆమె ముఖం చూస్తే రాత్రంతా నిద్ర లేదని తెలుస్తోంది. పెద్ద అధికారిణి ఆమెను అడిగింది, వీళ్ళకు సరైన సామగ్రి ఇచ్చావా అని. ఇచ్చానంది. మరి దొరికినప్పుడు వాటిలో ఒక్కటీ ఒంటి మీద ఎందుకు లేదని అధికారిణి అడిగింది. పరిశోధకురాలు ముందున్న కాగితాలు అటూ ఇటూ తిప్పింది. నన్ను వేలెత్తి చూపడానికి ఆమెకు మొహమాటం. పరాయి దేశంలో తన భాష మాట్లాడే పెద్దవాణ్ణి నలుగురి ముందు నిలబెట్టడానికి వెనకాడుతోంది. నన్ను కాపాడే తొందరలో తానే మునిగిపోయేలా ఉంది.

నేను చెయ్యెత్తాను. బాసు బల్ల కింద నా కాలు తొక్కాడు. తొక్కిన కాలితోనే లేచి నిలబడ్డాను.

బూట్ల సైజు అడిగితే చెప్పకపోవడం దగ్గర్నుంచి మణికట్టంత చెట్టు దాకా అంతా చెప్పాను. కన్ఫ్యూజన్ అన్న మాట నాదేనని, అది తప్పని చెప్పాను. చెట్టు లావు చేత్తో చూపించినప్పుడు ఒక అధికారి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. పెద్ద అధికారిణి నవ్వలేదు. ముగ్గురూ పక్కకు వెళ్ళి చాలాసేపు మాట్లాడుకుని వచ్చారు. సర్వే ఆపరు. కానీ ఇకమీదట అడవిలోకి వెళ్ళే ప్రతిసారీ గేటు దగ్గర ఒక మనిషి ఉండాలి. లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరి బూట్లు, చొక్కా, ఈల, నీళ్ళు చూసి పంపాలి, అందరూ తిరిగి వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఆ మనిషి లేనిరోజు సర్వే లేదు.

బయటికి రాగానే ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. సంతోషించాల్సిన మనిషి దిగులుగా ఉంది.

"గేటు కాడ ఎవరుంటారన్నా? వచ్చేవాళ్ళంతా జింకల్ని చూసేకే వస్తారు. ఈగలు తోలుకుంటా బయట కూసునేది ఎవరు?"

సార్ అనడం మానేసి మొదటిసారి అన్నా అంది. కోపం తగ్గిందో, అలసటలో నోరు జారిందో అడగలేదు.

"నేనుంటాను," అన్నాను.

"నమ్మమంటారా?"

"నమ్మొద్దు. శనివారం వచ్చి చూడు."

బాసు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ప్రోగ్రాంను మళ్ళీ రాసి, ఉపగ్రహం దొరకనప్పుడు మనుషులే పటం మీద వేలితో చోటు గుర్తు పెట్టుకునేలా మార్చాం. శనివారాలు మాత్రం నావి. మొదటి రైలు పట్టుకుని వెళ్ళి గేటు పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకునేవాణ్ణి. వర్షమొస్తే గొడుగు. చెప్పులతో వచ్చిన కాలేజీ పిల్లల్ని వెనక్కి పంపాను. "అంకుల్, సో స్ట్రిక్ట్ ఫర్ వాట్ లా?" అని సణిగిన కుర్రాడికి నా చెట్టు కథ చెప్పాను. ఆ కథ ఎంత పాకిపోయిందంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ముందు నా పొట్ట వైపు చూసి తరువాత నమస్కారం పెట్టేవాళ్ళు. ఒకసారి పరిశోధకురాలే తొందరలో నీళ్ళు మరిచిపోయి వచ్చింది. గేటు తియ్యలేదు. గొణుక్కుంటూ రోడ్డు దాటి కొనుక్కొచ్చింది.

ఆ ఉద్యోగంలో నేను రాసిన ప్రోగ్రాంలన్నీ ఎప్పుడో పాతబడి పోయాయి. నేను సరిగ్గా చేశానని చెప్పుకోగల పని ఆ స్టూలు మీద కూర్చున్న పనే.

సిమెంటు పట్టీ తీసి, నడక పూర్తిగా కుదిరాక ఒక శనివారం టెస్టర్ వచ్చాడు. ఈసారి టై లేదు. కాళ్ళకు ఎత్తైన అడవి బూట్లు. లోపలికి వెళ్ళి జింకను చూడాలన్నాడు. అరిచిన దాన్ని కాదట, మెల్లగా మేసేదాన్ని. అన్నీ చూశాను. బూటు లేసు వదులుగా ఉంది. అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని విప్పి, చీలమండ చుట్టూ తిప్పి, రెండు ముళ్ళు వేసి కట్టాను.

"వద్దు సార్, మీరు నా కాళ్ళు పట్టుకునుడేంది?"

"కదలకు."

"మస్తు గట్టిగ కట్టిండ్రు. రక్తం ఆగేటట్టున్నది."

కొంచెం వదులు చేశాను. అతను నాలుగడుగులు వేసి చూసుకుని, గేటు దాటి, వెనక్కి తిరిగాడు.

"మీరు రారా సార్?"

"నేనొస్తే ఇక్కడెవరుంటారయ్యా? నువ్వు పోయిరా."

అతను పరిశోధకురాలితో, అంకుల్‌తో కలిసి లోపలికి వెళ్ళాడు. నేను గేటు వేసి, వాళ్ళు తిరిగి వచ్చేదాకా కూర్చున్నాను.